మూడో పొర పోసేలోపు

పోయిన వారం చదవనివాళ్ళ కోసం నాలుగు ముక్కలు. విందుల హాలు, దాని కింద వంటిల్లు, వంటింటి మూల ఒక చల్లగది. ఆ చల్లగదిలో పదకొండేళ్ళుగా జెల్లీలు, పుడ్డింగులు చేస్తున్న మనిషిని అందరూ జెల్లీ అక్క అంటారు. పన్నెండు రోజుల కిందట ఒక పెళ్లిరోజు విందులో ఆరేళ్ళ పిల్ల, పెద్దవాళ్ళ కోసం మందు కలిపి చేసిన జెల్లీలు తొమ్మిది తినేసి సోలిపోయింది. రెండు రోజులు ఆసుపత్రిలో ఉంది. బతికింది. బతికినా సరే, ఎవరో ఒకరి మెడ మీద కత్తి పడాలి కదా! ట్రేలు మోసే, అందరూ పిన్ని అని పిలిచే మనిషిని పని మాన్పించి ఇంటికి పంపేశారు. "మందు జెల్లీల ట్రేని పిల్లల బల్ల మీద పెట్టింది చదువురాని ఈ మనిషే" అని ఒక కాగితం రాసి, వంటింటి జనం చేత సంతకాలు పెట్టిస్తున్నారు. ఎనిమిది పడ్డాయి. తొమ్మిదోది జెల్లీ అక్కది. సాయంత్రం ఐదింటికి ఆ పిల్ల తల్లి వస్తుంది, అప్పటికి కాగితం నిండిపోవాలి అని సూపర్‌వైజర్ హుకుం. కాగితం చల్లగది బల్ల మీద పడేసి వెళ్ళాడు. అక్కడ ఆగాం.

ఇవాళ మళ్ళీ విందు. ఏదో కంపెనీ పెట్టి పాతికేళ్ళయిందట. పైన హాల్లో బుడగలు ఊదుతున్నారు, దీపాల తీగలు కడుతున్నారు. కింద జెల్లీ అక్క ఆరువందల చిన్న కప్పుల ముందు నిలబడి ఉంది.

పినాకొలాడా అని ఒక కాక్‌టెయిల్. గ్లాసులో పోసుకుని తాగేది. దాన్ని కప్పులో గట్టిపరిచి, గుటుక్కున మింగేలా చేసివ్వాలి. జెల్లీ షాట్లు అంటారు. మూడు పొరలు. అడుగున తెల్లగా కొబ్బరిపాలు, మధ్యలో పచ్చగా అనాసరసం, పైన ఎర్రగా చెర్రీ. మూడింట్లోనూ రమ్ము. నలుగురి ముందు గ్లాసు పట్టుకోవడానికి మొహమాటపడే పెద్దమనుషులు కూడా జెల్లీ అయితే అరడజను లాగించేస్తారు. అందుకే ఈ మధ్య ప్రతి విందుకీ ఇవే అడుగుతున్నారు.

జెల్లీని గట్టిపరిచే జెలటిన్ పొడి చన్నీళ్ళలో నానింది. దాన్ని వేడి కొబ్బరిపాలలో కరిగించింది. పొయ్యి మీంచి దించి, వేలు పెడితే ఓర్చుకునే వేడికి వచ్చాకే రమ్ము పోసింది. మరుగుతుంటే పోస్తే మందంతా ఆవిరైపోయి వంటింటికి మత్తు, అతిథులకి పాలు మిగులుతాయి. ఎక్కువ పోస్తే గట్టిపడదు. అనాసరసం పొద్దున్నే మరిగించి పెట్టుకుంది. పచ్చి రసం పోస్తే అది జెలటిన్‌ని తినేస్తుంది, రెండు రోజులు ఫ్రిజ్‌లో ఉంచినా నీళ్ళు నీళ్ళే. ఇవేవీ ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. చెడగొట్టి, తిట్లు తిని నేర్చుకుంది.

ఆరువందల కప్పుల్లో తెల్ల పొర పోసి, ట్రేలు ఫ్రిజ్‌లోకి తోసి తలుపు వేసింది. ఇక అరగంట ఆగాలి. పొర గట్టిపడాలి, కానీ పైన కాస్త జిగురు ఉండగానే రెండోది పోయాలి. తొందరపడితే రెండు పొరలూ కలిసిపోతాయి, ఆలస్యం చేస్తే రెండూ అతుక్కోక కప్పులోంచి విడివిడిగా జారిపోతాయి.

ఆ వంటింట్లో సూపర్‌వైజర్ మాట వినని వస్తువు జెలటిన్ ఒక్కటే. ఆయన్ని అందరూ గడియారం అంటారు, ఎదురుగా కాదులెండి. మనిషి వైపు చూడకముందు మణికట్టు వైపు చూస్తాడు. పిండి వాళ్ళని తరుముతాడు, కూరల వాళ్ళని తరుముతాడు, గిన్నెలు తోమేవాళ్ళని తరుముతాడు. జెలటిన్‌ని మాత్రం తరమలేడు. అందుకే పొరల జెల్లీ చేసే రోజు జెల్లీ అక్కకి పండగలాంటిది. పొరకి అరగంట చొప్పున, ఎవరేమన్నా సరే, కూర్చోవచ్చు.

కూర్చుంది. మడమల్లోంచి నొప్పి పిక్కల్లోకి పాకింది. చలికి వేళ్ళ చివర్లు తెల్లబడి ఉన్నాయి. ఎదురుగా బల్ల మీద కాగితం.

రొట్టెలు కాల్చే పెద్దాయన తలుపు సందులోంచి తొంగిచూశాడు. రొట్టెల మామ అంటారు ఆయన్ని.

"పెట్టేశావా?"

"లేదు మామా."

"పెట్టెయ్యి తల్లీ. నేను పెట్టలా? కాసేపు చెయ్యి గుంజింది, అంతే."

"నీ చెయ్యి పిండి పిసికి పిసికి మొద్దుబారిపోయింది మామా. దానికి నొప్పి ఎక్కడ తెలుస్తుంది?"

మామ నవ్వబోయి మానేశాడు. "పిన్ని ఎలాగూ పోయింది. నువ్వు కూడా పోతే రేపు ఈ చల్లగదిలో ఎవడో కుర్రకుంక వచ్చి నా కేకుల మీద నీళ్ళ క్రీము రాస్తాడు. నా బాధ అది." అని వెళ్ళిపోయాడు. పిరికివాళ్ళు చెడ్డవాళ్ళేం కారు. వాళ్ళకీ పెళ్ళాంబిడ్డలుంటారు. కానీ ఎనిమిదిమంది పిరికివాళ్ళ సంతకాలు ఒక కాగితం మీద పడితే అది నిజంలా కనపడుతుంది, అదీ తంటా.

అసలు జెల్లీ అక్క బాధ వేరే. పిన్నికి చదువు రాదు. చీటీ అంటిస్తే చదవలేదు. అందుకని ఏడేళ్ళ కిందట పిన్నే ఒక ఉపాయం చెప్పింది: "మందున్న ప్రతి కప్పులో ఒక నల్ల పుల్ల గుచ్చమ్మా. పుల్లుంటే పెద్దవాళ్ళ బల్ల. పుల్ల లేకపోతే పిల్లల బల్ల. కళ్ళు మూసుకుని చేత్తో తడిమినా తెలుస్తుంది." చదువుకున్నవాళ్ళకి తట్టని ఉపాయం. ఏడేళ్ళలో ఒక్కసారి కూడా తప్పు జరగలేదు. మందు జెల్లీలకి నల్ల పుల్లలు, పిల్లల జెల్లీల మీద సగం కోసిన చెర్రీ. వంటింట్లో ఇది చట్టం.

పిన్నిని పంపేసిన రోజు ఆమె ఏడవలేదు, అరవలేదు. ఒక్క మాట అంది: "ఆ ట్రేలో పుల్లలు లేవమ్మా."

పిన్ని అబద్ధం చెప్పదు. మరి పుల్లలు లేవంటే గుచ్చలేదనే కదా? గుచ్చాల్సింది ఎవరు? జెల్లీ అక్కే. ఆ రోజు పొద్దున్నుంచి పద్నాలుగు గంటలు నిలబడి పనిచేసింది. మొదటి ట్రే గుచ్చినట్టు గుర్తుంది, రెండోది గుర్తుంది. మూడోది? పన్నెండు రోజులుగా అన్నం కలుపుతున్నా, స్నానం చేస్తున్నా ఆ మూడో ట్రేనే కళ్ళముందు. ఒకసారి పుల్లలతో కనపడుతుంది, ఒకసారి లేకుండా. తన చెయ్యి మీద తనకే నమ్మకం పోయింది. పనివాళ్ళకి అంతకంటే పెద్ద శిక్ష లేదు.

అరగంట అయింది. లేచి తలుపు తీసి, ఒక కప్పు మీద వేలు ఆనించింది. వేలికి కాస్త అంటుకుంది. బాగుంది. పచ్చ పొర గరిటెతో ఒక్కో కప్పులో వంచుతూ పోయింది. రెండొందలో కప్పు దగ్గర నడుము పట్టేసింది. ఆగి, మళ్ళీ వంచింది. చివరి ట్రే లోపలికి తోసేసరికి పైనుంచి మెట్లు దిగుతున్న చప్పుడు.

ఆడపడుచు. జెల్లీ అక్క మొగుడికి ఒక్కగానొక్క చెల్లెలు. పైన హాల్లో వడ్డన పని. ఆ పనిలో పెట్టించింది వదినే. ఉండేది కూడా ఒకే ఇంట్లో, నిద్రపోయేది వదిన పిల్లల పక్కనే.

"వదినా, మంచినీళ్ళున్నాయా? పైన కుళాయి రావట్లేదు."

"నీళ్ళకోసం ఇంతదూరం దిగొచ్చావా?" సీసా అందించింది.

ఆడపడుచు తాగలేదు. మూత తిప్పుతూ, తీస్తూ నిలబడింది. కళ్ళు బల్ల మీది కాగితం మీద.

"సంతకం పెడతావా వదినా?"

"పెట్టను."

"మరి?"

"ఐదింటికి ఆ తల్లి వస్తుందిగా. ఆవిడ ముందు నిలబడి చెప్పేస్తా. పిన్ని తప్పేం లేదు, పుల్లలు గుచ్చడం నేనే మర్చిపోయానమ్మా అని."

"మర్చిపోయినట్టు నీకు గుర్తుందా?"

"మర్చిపోయింది గుర్తుండటమేంటే, పిచ్చిదానా!" నవ్వొచ్చింది జెల్లీ అక్కకి. పన్నెండు రోజుల తర్వాత వచ్చిన నవ్వు. "గుర్తులేదు. అందుకే చెప్తున్నా. పిన్నికి అరవయ్యేళ్ళు. ఈ వయసులో ఆ నింద మోసుకుంటూ ఎక్కడ పని అడుగుతుంది? నాకింకా చేతులాడతాయి. ఎక్కడోచోట గిన్నెలైనా తోముకుంటా."

"అన్నయ్యకి చెప్పావా?"

"చెప్పా. నీ ఇష్టం అన్నాడు. మీ అన్నయ్య ఎప్పుడు ఇంకో మాట అన్నాడు గనక?"

ఆడపడుచు సీసా బల్ల మీద పెట్టింది. పెట్టడంలో పడింది. నీళ్ళు కాగితం దాకా పాకాయి. ఇద్దరిలో ఎవరూ కాగితం తియ్యలేదు.

"నువ్వు గుచ్చావు వదినా."

"ఏంటి?"

"మూడో ట్రే. పుల్లలు నువ్వు గుచ్చావు. అరవై కప్పులకీ గుచ్చావు. నేనే పీకాను."

ఫ్రిజ్ మోటారు గుర్రుమంటోంది. ఆడపడుచు గొంతు పెంచి చెప్పుకుపోయింది.

"అతిథులు రాకముందు ఫొటోలవాడు వచ్చాడు వదినా. హాలు ప్రకటన కోసం. ఆ నల్ల పుల్లలు చూసి, ఏంటివి, చీపురు కట్టలా ఉన్నాయి, తీసెయ్యండి అన్నాడు. సూపర్‌వైజర్ నన్ను పిలిచి పీకెయ్యమన్నాడు. పీకాను. పీకితే ప్రతి కప్పులోనూ ఒక బెజ్జం. ఫొటోలో బెజ్జాలు కనపడతాయన్నాడు. సూపర్‌వైజరే పిల్లల ట్రేలోంచి చెర్రీలు తీసి బెజ్జాల మీద పెట్టమన్నాడు. పెట్టాను. ఫొటో అయ్యాక, పుల్లలు మళ్ళీ గుచ్చనా సార్ అని అడిగాను. నిజంగా అడిగాను వదినా, మా అమ్మ తోడు. చెయ్యి చూసుకుని, టైమెక్కడుంది, పద పద, బల్లలు సర్దు అన్నాడు. ట్రే అక్కడే వదిలేసి వెళ్ళాను. పిన్ని వచ్చింది. పుల్లల్లేవు, చెర్రీలున్నాయి."

"పిల్లల బల్ల మీద పెట్టింది," అంది జెల్లీ అక్క.

"మరి పెట్టదా!"

పెడుతుంది. ఏడేళ్ళుగా నమ్మిన చట్టం ప్రకారం పెడుతుంది. పిన్ని తూచా తప్పకుండా తన పని తాను చేసింది. ఆ ట్రే దగ్గర తప్పు చెయ్యని మనిషి ఆమె ఒక్కతే. ఆమెనే పంపేశారు.

చదివేవాళ్ళు అనుకుంటారు, జెల్లీ అక్కకి ఒళ్ళు మండిపోయి ఉంటుందని. ముందు మండలేదు. ముందు చేతులు చూసుకుంది. తెల్లబడిన వేళ్ళు. ఇవి గుచ్చాయి. అరవైకి అరవై. అలిసిపోయినా, నిలబడి కునుకుతీస్తున్నా సరే, గుచ్చాయి. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ తర్వాత వచ్చింది కోపం.

"పన్నెండు రోజులు! నేను రాత్రుళ్ళు లేచి కూర్చుంటే పక్కనే పడుకుని చూశావు కదే. నా పిల్లల పక్కన పడుకుని!"

"భయమేసింది వదినా."

"నాకు వెయ్యలా?"

"హాలు ఇన్‌చార్జిని చేస్తానన్నాడు. నోరు మూసుకుంటే."

"ఓహో. అందుకా కొత్త చెప్పులు కొనుక్కున్నావు."

మాట అనేశాక జెల్లీ అక్కకే చేదుగా అనిపించింది. ఆడపడుచు తన కాళ్ళ వైపు చూసుకుంది. ఇరవై ఆరేళ్ళ మనిషి, పొద్దుటినుంచి సాయంత్రం దాకా నవ్వుమొహంతో ట్రే పట్టుకు తిరిగే మనిషి, చెప్పులు కొనుక్కుంటే తప్పా? చెప్పులు తప్పు కాదు. నోరు అమ్ముకోమన్నవాడిది తప్పు. కానీ అలిసిపోయిన మనిషి చెయ్యి అందిన చోటే కొడుతుంది, దగ్గరున్న వాళ్ళనే కొడుతుంది. పైవాళ్ళకి ఈ సంగతి మనకంటే బాగా తెలుసు.

"ఐదింటికి ఆ తల్లికి నువ్వు చెప్తావా?" అంది జెల్లీ అక్క గొంతు తగ్గించి.

"నన్ను చెప్పమనకు వదినా."

"నేను చెప్తే నీ పేరు చెప్పాలి."

"తెలుసు."

"చెప్పనా?"

ఆడపడుచు కొంగుతో బల్ల తుడవడం మొదలెట్టింది. తుడిచిన చోటే తుడిచింది.

పచ్చ పొరకి అరగంట నిండుతుండగా వచ్చాడు గడియారం. ముందు మణికట్టు, తర్వాత ఫ్రిజ్, తర్వాత తడిసిన కాగితం చూశాడు. ఆడపడుచుని చూసి కనుబొమ్మ ఎగరేశాడు.

"నీకు కింద ఏం పని? పైకి నడువు."

ఆడపడుచు కదల్లేదు. కదల్లేకపోయిందో, కదలకూడదనుకుందో, ఆ క్షణాన ఆమెకే తెలియదు.

"పొరలు ఎంతవరకొచ్చాయి?" అన్నాడు.

"రెండయ్యాయి సార్. మూడోది పొయ్యాలి." ఎర్ర పొర గిన్నెలో వెచ్చగా సిద్ధంగా ఉంది. జెల్లీ అక్క గరిటె తీసుకుంది, ట్రేలు బయటికి లాగింది. చేతులు వాటి పని అవి చేసుకుపోతున్నాయి.

"సంతకం?"

"కాగితం చదివాను సార్. ఒక్క అనుమానం."

"ఏంటది? తొందరగా కానివ్వు."

"ఇందులో ట్రే గురించి ఉంది, బల్ల గురించి ఉంది, పిన్నికి చదువు రాదని రెండుసార్లు ఉంది. పుల్లల మాటే లేదేం సార్?"

గడియారం చెయ్యి చూసుకోవడం మర్చిపోయాడు. పదకొండేళ్ళలో అది మొదటిసారి.

"పుల్లలా? అవన్నీ మీ వంటింటి చాదస్తాలు. బయటివాళ్ళకెందుకు?"

"చాదస్తం కాదు సార్, చట్టం. పుల్లలుంటే పిన్ని తప్పు చేసినట్టు. లేకపోతే నేను తప్పు చేసినట్టు. నేను గుచ్చాను, పిన్ని చూసేసరికి లేవు. మధ్యలో ఎవరు పీకించారో రాయాలి కదా?"

పీకించారు అన్న మాటలో ఆ 'ఇంచారు' దగ్గర ఆమె గొంతు గట్టిగా పలికింది. పక్కన కూరల గదిలో కత్తి చప్పుడు ఆగింది. రొట్టెల మామ చేతిలో పిండితోనే తలుపు దగ్గరికొచ్చి నిలబడ్డాడు.

గడియారం ఒకసారి ఆడపడుచు వైపు చూశాడు. ఆ చూపులో అరుపు లేదు, తిట్టు లేదు. అప్పు తీర్చమని అడిగే చూపు. తర్వాత చొక్కా జేబులోంచి మడిచిన ఇంకో కాగితం తీసి, నీళ్ళు లేని చోటు చూసి, జాగ్రత్తగా పరిచాడు.

"ఇది కూడా చదువు. నువ్వు చదువుకున్నదానివి కదా."

జెల్లీ అక్క గరిటె పక్కన పెట్టి చదివింది. ఈ కాగితంలో పిన్ని లేదు. చల్లగదిలో పనిచేసే మనిషి నిర్లక్ష్యం వల్ల మందు జెల్లీలకి గుర్తు పెట్టలేదని, ఆమె మర్చిపోవడం స్వయంగా చూశానని ఒక సాక్షి చెప్పిందని ఉంది. కింద తేదీ. పదకొండు రోజుల కిందటిది. విందు మర్నాడే. తేదీ పక్కన సంతకం. ఆ గుండ్రటి అక్షరాలు ఆమెకి తెలుసు. పాల చీటీ మీద, పిల్లల బడి పుస్తకాల అట్టల మీద రోజూ చూసేవే.

"ఇది చూపించకుండా ఎందుకు ఆగానంటే," అన్నాడు గడియారం మెత్తగా, "నువ్వు పనిమంతురాలివి. పిన్నిలాంటి వాళ్ళు పదిమంది దొరుకుతారు, నీలాంటి మనిషి దొరకదు. ఇప్పుడు చెప్పు. ఐదింటికి ఆ తల్లికి ఏ కాగితం చూపించమంటావు? అదా, ఇదా?"

ఎర్ర పొర గిన్నెలో చల్లబడుతోంది. అంచుల దగ్గర అప్పుడే చిక్కబడింది. చాలా ట్రేలు ఇంకా రెండు పొరలతో అలాగే ఉన్నాయి. జెల్లీ అక్క గిన్నె వైపు చూడలేదు. కాగితం వైపు కూడా చూడలేదు.

"నీదేనా?" అంది.

ఆడపడుచు తల ఊపింది, అవునని.

"చదివే పెట్టావా?"

"చదివే," అంది ఆడపడుచు. "చదివే పెట్టాను వదినా. కానీ పుల్లలు పీకమన్నది..."

"నోర్ముయ్!" అరిచాడు గడియారం. "పుల్లలూ లేవు, ఏమీ లేవు. ఇంకోసారి ఆ పుల్లల మాటెత్తితే ఇద్దరూ..."

మాట మధ్యలో ఆగిపోయింది. రొట్టెల మామ పక్కకి జరుగుతున్నాడు. ఎవరికో దారి ఇస్తున్నాడు.

గుమ్మంలో ఒకావిడ నిలబడి ఉంది. భుజాన సంచి, చేతిలో ఆసుపత్రి కాగితాల కట్ట. ఐదింటికి రావాల్సిన మనిషి. పైన ఎవరూ కనపడలేదేమో, మాటలు వినపడిన వైపు దిగివచ్చినట్టుంది. ఎంతసేపటినుంచి అక్కడుందో ఎవరికీ తెలియదు. మొహంలో నిద్ర లేదు. ఆమె గడియారం వైపు చూడలేదు, బల్ల మీది రెండు కాగితాల వైపూ చూడలేదు. నేరుగా ఆడపడుచు దగ్గరికి నడిచింది.

"పన్నెండు రోజులుగా పదిమందిని అడిగాను," అంది. "ఒక్కరూ నాకు పుల్లల సంగతి చెప్పలేదు. ఏ పుల్లలమ్మా అవి?"